జోయెల్ రాస్ తన సోలోలను తానే ఎందుకు తగ్గించుకుంటున్నారు?

తంబూరా_శ్రుతి
ఈ ప్రశ్న అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంది, ఎందుకంటే ఇక్కడ అమెరికన్ జాజ్ కళాకారుడు జోయెల్ రాస్ అభిమానులు చాలామందే ఉన్నారని పాత చర్చలు చదివితే తెలుస్తోంది. 2019లో బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు సంస్థ ఆయన ఆల్బమ్ 'కింగ్‌మేకర్'ను విడుదల చేసినప్పుడు, పాతికేళ్ళు కూడా నిండని యువకుడి ఊహ, లోహపు పలకలను కొట్టి మోగించే వైబ్రాఫోన్ మీద అంత వేగంగా, అంత స్పష్టంగా సాగడం విని ఆశ్చర్యపోయాను; ఆ నెలంతా కారులో వేరే ఏదీ పెట్టలేదు. ఆ ఆశతోనే 2022లో వచ్చిన 'ద పేరబుల్ ఆఫ్ ద పోయెట్' కొన్నాను. ఎనిమిది మంది బృందం, పైన అతిథిగా ఒక ఫ్లూట్, ఏడు భాగాల రచన. ట్రంపెట్, ట్రాంబోన్, రెండు సాక్సఫోన్లు అన్నీ నిండుగా వినిపిస్తున్నాయి గానీ, ఎవరి పేరు చూసి కొన్నానో ఆయన వాద్యాన్ని మాత్రం వెతుక్కోవలసి వచ్చింది. కరపత్రంలో ప్రధాన విద్వాంసుడి పేరు పెద్ద అక్షరాలతో వేసి, తీరా కచేరీకి వెళితే ఆయన తంబూరా మీటుతూ వెనుక కూర్చున్నట్టు ఉంది. స్వరకర్తగా ఎదగాలంటే వాద్యకారుడిగా తగ్గవలసిందేనా? తెలిసినవారు చెప్పగలరు.

మృదంగం_77
ఆ తంబూరా ఆగిపోతే మిగిలినవారి శ్రుతి ఏమవుతుందో కూడా ఆలోచించండి. మీ పోలికలోనే సగం జవాబు ఉంది.

తంబూరా_శ్రుతి
ఈ పేరు నేనే పెట్టుకున్నాను గనుక మీ చమత్కారానికి అభ్యంతరం చెప్పలేను. అయినా నేను డబ్బు పెట్టింది గాత్రం కోసం.

పలకల_సవ్వడి
ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చూస్తే ఈ తగ్గుదల అంత వింతగా తోచదు. రాస్ 1995లో షికాగోలో పుట్టారు. కవల సోదరుడితో పాటు మూడేళ్ళ వయసులోనే డ్రమ్స్ పట్టారు. బడి బ్యాండులో చేరేనాటికి డ్రమ్స్ సోదరుడికి దక్కాయి, ఈయన మొదట జైలోఫోన్‌కు, ఆ దారిలోనే వైబ్రాఫోన్‌కు చేరారు. అంటే ఇది ఆయన ముచ్చటపడి ఏరుకున్న వాద్యం కాదు, అన్నదమ్ముల పంపకాల్లో వాటాకు వచ్చింది. తన చోటు తాను చూసుకుంటూ పక్కవాడి చోటు ఆక్రమించకుండా వాయించడం అక్కడే అలవడి ఉంటుందని నా ఊహ.

తరువాతి దారి ఇదీ: షికాగో హైస్కూల్ ఫర్ ది ఆర్ట్స్, అక్కడి నుంచి కాలిఫోర్నియా స్టాక్టన్‌లోని బ్రూబెక్ ఇన్‌స్టిట్యూట్, చివరికి న్యూయార్కులోని న్యూ స్కూల్. స్టాక్టన్ రోజుల్లో ఆయనకు స్టెఫాన్ హ్యారిస్ దగ్గర నేర్చుకునే అవకాశం కలిగింది. హ్యారిస్ తాను 1990లలో బ్లూ నోట్‌కు ఆల్బములు చేసిన వైబ్రాఫోన్ కళాకారుడు, స్వరకర్త కూడా. ఆయన 2011లో టెడ్ వేదిక మీద చేసిన ప్రసంగంలో, వేదిక మీద తప్పు స్వరమంటూ ఏదీ ఉండదని, పక్కవాడు వాయించిన దాన్ని అందిపుచ్చుకోలేకపోవడమే తప్పని వాయించి మరీ చూపించారు. అలాంటి గురువు దగ్గర తయారైన శిష్యుడు ఒంటరిగా మెరవాలని కోరుకోకపోవడంలో నాకైతే ఆశ్చర్యం కనిపించలేదు.

ఇంకొక్క సంగతి. రాస్ బృందం పేరు 'గుడ్ వైబ్స్'. 2019 నుంచి 2024 వరకు బ్లూ నోట్‌లో వచ్చిన ఆయన నాలుగు ఆల్బముల్లోనూ ఆల్టో సాక్సఫోన్ ఇమ్మాన్యుయెల్ విల్కిన్స్‌దే. ఆ ఇద్దరూ ఒకే రాగపు వరుసను జంటగా మొదలుపెట్టి, ఒకరు ఒదిలిన చోట మరొకరు ఎత్తుకోవడాన్ని గమనించండి. మీరు 'కింగ్‌మేకర్'లో విన్నది కూడా ఒక్కరి వేగం కాదు.

అర్ధరాత్రి_శ్రోత
పై వివరాలన్నీ సరైనవే, కానీ అసలు సంగతిని మర్యాదగా దాటేస్తున్నాయి. బ్లూ నోట్ 1939 నుంచి ఉన్న సంస్థ. మిల్ట్ జాక్సన్, బాబీ హచర్సన్, ఆపైన స్టెఫాన్ హ్యారిస్ అంటూ దానికి ఒక వైబ్రాఫోన్ వంశావళి ఉంది. ఆ సింహాసనం ఖాళీగా కనిపించకూడదని తరానికొకరిని కూర్చోబెడుతుంది. డేవ్ హాలండ్ బృందంలో ఏళ్ళ తరబడి అద్భుతంగా వైబ్రాఫోన్ వాయించిన స్టీవ్ నెల్సన్ గురించి ఈ వేదికలో ఒక్క చర్చ అయినా ఉందా? క్రిస్టియన్ మెక్‌బ్రైడ్ 'ఇన్‌సైడ్ స్ట్రెయిట్' బృందంలో వాయించే బాల్టిమోర్ వారెన్ వుల్ఫ్ గురించి ఉందా? చేతి నైపుణ్యంలో వుల్ఫ్ ఎవరికీ తీసిపోరు. రాస్ మంచి వాద్యకారుడే, అందులో సందేహం లేదు, అయితే పాతికేళ్ళవాడికి ఇంత పెద్ద కాన్వాసు ఇస్తే రంగులు పలచబడక ఏమవుతాయి? తంబూరా_శ్రుతి గారు విన్నది ఆ పలచదనమే.

మృదంగం_77
నెల్సన్ గురించి చర్చ లేకపోతే మొదలుపెట్టవలసింది మీరే కదా. దానికి రాస్ చేసిన నేరం ఏమిటి?

అర్ధరాత్రి_శ్రోత
మొదలుపెడతాను. మీరొక్కరే వచ్చి చదువుతారని కూడా నాకు తెలుసు.

కాకినాడ_కాజా
నా కథ వినండి. 2020లో వచ్చిన 'హూ ఆర్ యూ?' ఆల్బమ్ పాటల పట్టీ చూస్తూ ఉంటే 'వార్త' అని కనబడింది. షికాగో కుర్రవాడు మన భాషలో పేరు పెట్టాడేమిటని సంబరపడి ఇంట్లో అందరినీ పిలిచాను. తీరా వింటే అది ట్రంపెట్ కళాకారుడు ఆంబ్రోస్ అకిన్‌ముసిరే రాసిన రచన, మన వార్తాపత్రికతో ఏ చుట్టరికమూ లేదు. మా ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే పేపరు అందిస్తూ "జాజ్ వచ్చింది" అంటుంది.

పలకల_సవ్వడి
కాజా గారి సంబరం వృథా పోలేదు, ఆ ఆల్బమ్ మంచి చోట పట్టుకున్నారు. 'కింగ్‌మేకర్'కూ 'పేరబుల్'కూ నడుమ వంతెన అదే. బ్యాస్ మీద కనోవా మెండెన్‌హాల్ వచ్చారు, కొన్నింటిలో బ్రాండీ యంగర్ హార్ప్ వాయించారు. హార్ప్, వైబ్రాఫోన్ రెండూ మోగి మెల్లగా ఆరిపోయే వాద్యాలే కనుక ఒకదాని తోక మీద మరొకటి కూర్చుంటుంది; ఎవరిది ఏ స్వరమో చెప్పడం కొన్నిచోట్ల కష్టం. వీరిద్దరూ అంతకు ముందే, 2018లో, డ్రమ్మర్ మకాయా మెక్‌క్రేవన్ 'యూనివర్సల్ బీయింగ్స్' ఆల్బమ్ న్యూయార్కు భాగంలో కలిసి వాయించారు.

గుంటూరు_గోంగూర
అదే ఏడాది 'ఇన్ కామన్' అనే ఆల్బమ్‌లోనూ రాస్ ఉన్నారు, అందులో బ్యాస్ వాయించినది హరీష్ రాఘవన్. ఆ మరుసటి ఏడాది రాఘవన్ సొంత ఆల్బమ్‌లో మళ్ళీ రాస్. ఈ రాఘవన్ మనవాడేనా?

మృదంగం_77
వాయించినంతసేపూ మనవాడే. ఇక్కడ ఎవరి ఊరి పేరూ ఆరా తీయవద్దని మనవి, పోయినసారి ఆ చర్చ నాలుగు పేజీలు సాగి గోత్రాల దాకా వెళ్ళింది.

న్యూజెర్సీ_అమ్మమ్మ
నాకు జాజ్ గురించి చెప్పేంత జ్ఞానం లేదు గానీ, ఈ వాద్యం మా ఇంట్లో ఉంది కనుక రాస్తున్నాను. మా మనవరాలు హైస్కూలు మార్చింగ్ బ్యాండులో, మైదానంలో కవాతు చేయకుండా ముందు గీత దగ్గర నిలబెట్టే వాద్యాల వరుసలో వైబ్రాఫోన్ వాయిస్తుంది. వేసవి సెలవులకు బడివారు దాన్ని ఇంటికి ఇచ్చారు. దాని పెడల్ తొక్కినప్పుడల్లా కిర్రుమనేది, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే సర్దుకుంది.

అసలు చెప్పదలచినది దాని మ్యాలెట్ల గురించి, అంటే పలకలను కొట్టే కర్రల గురించి. లోపల చిన్న రబ్బరు ఉండ, దాని మీద ఊలు దారం వరుసలు వరుసలుగా చుట్టి, పైనా కిందా సూదితో కుట్టి బిగిస్తారు. రోజూ రెండు గంటలు వాయిస్తే పలకకు తగిలే పక్కన ఊలు చిట్లి, రబ్బరు బయటపడి, "టంగ్"మనవలసినది "టక్కు"మంటుంది. కొత్తవి కొనాలంటే పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. తెనాలిలో నా చిన్నతనమంతా జడకుచ్చులు కట్టిన చేయి గదా అని, పాత ఊలు విప్పి, ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి, కొత్త ఊలు చుట్టి ఇచ్చాను. మొదటి జత బిగుతుగా చుట్టేశాను, మోత గట్టిగా, గరుకుగా వచ్చింది. రెండో జత కాస్త వదులుగా చుడితే అదే పలక, అదే చేయి, మెత్తగా పలికింది. పిల్ల ఆ రోజు నాకు రాస్ గారి పాట ఒకటి వినిపించి, ఆయన మోత ఈ రెండింటికీ నడిమధ్యన ఉంటుంది అమ్మమ్మా అన్నది.

నా సందేహం ఏమిటంటే, మా పిల్లకు బడిలో చేతికి రెండేసి చొప్పున నాలుగు మ్యాలెట్లతో నేర్పుతున్నారు. ఆయన వీడియోల్లో ఎక్కువగా రెండే కనిపిస్తున్నాయి. పెద్ద విద్వాంసుడు తక్కువతో సరిపెట్టుకోవడం ఎందుకు?

కాకినాడ_కాజా
అమ్మమ్మ గారూ, ఈ చర్చలో ఇంతవరకు వాద్యాన్ని చేత్తో ముట్టినవారు మీరొక్కరే.

పలకల_సవ్వడి
అమ్మమ్మ గారి ప్రశ్నే మొదటి ప్రశ్నకు జవాబు అని నాకు అనిపిస్తోంది. నాలుగు మ్యాలెట్లను గ్యారీ బర్టన్ పియానోకు సాటిగా నిలబెట్టారు. ఆయన ఇండియానాలో 1943లో పుట్టి, సొంతంగా నేర్చుకుని, తన పేరుతోనే నిలిచిపోయిన పట్టు ఒకటి తయారుచేసుకుని, 1971లో 'అలోన్ ఎట్ లాస్ట్'తో ఈ వాద్యం ఒంటరిగా కచేరీ చేయగలదని నిరూపించారు. ఆ దారిలో వైబ్రాఫోన్‌కు ఎవరి తోడూ అక్కరలేదు. రెండు మ్యాలెట్ల దారి మిల్ట్ జాక్సన్‌ది: ఒక్కొక్క స్వరంగా, సాక్సఫోన్ ఊదినట్టు, గాయకుడు పాడినట్టు సాగే దారి. రాస్ ఎక్కువగా రెండే పట్టుకోవడమంటే తాళానికీ శ్రుతుల కూర్పుకూ పియానో మీద, బ్యాస్ మీద ఆధారపడతానని ముందే ఒప్పుకోవడం. ఆయన సోలో తగ్గింది 2022లో కాదు, నాలుగు మ్యాలెట్లలో రెండింటిని పక్కన పెట్టిన రోజునే.

అర్ధరాత్రి_శ్రోత
చిన్న సవరణ. నాలుగు మ్యాలెట్లు బర్టన్‌తో మొదలు కాలేదు, ఆయన కంటే ముందే రెడ్ నార్వో, క్లెయిర్ మస్సర్ వంటివారు వాడారు. బర్టన్ గొప్పతనం ఆ పట్టును సునాయాసంగా మార్చడంలో ఉంది. అలాగే రెండు మ్యాలెట్లు త్యాగమని పొగడడం అతిశయోక్తి. మిల్ట్ జాక్సన్ రెండింటితోనే రాజ్యమేలారు.

పలకల_సవ్వడి
సవరణ సబబుగా ఉంది, "నిలబెట్టారు" అనడం వరకే నా ఉద్దేశం. రెండో మాట మీద మాత్రం తగ్గను. జాక్సన్ చుట్టూ మోడరన్ జాజ్ క్వార్టెట్‌లో పియానో వాయించే జాన్ లూయిస్ రచనల చట్రం ఎంత గట్టిగా ఉండేదో మరిచిపోయి ఆయన రాజ్యం గురించి మాట్లాడలేము.

మద్రాసు_మాజీ
మా నాన్నగారు కోడంబాకం రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించేవారు, సెలవు రోజుల్లో నన్ను తీసుకువెళ్ళేవారు. అక్కడ వైబ్రాఫోన్‌కు రెండే ఉద్యోగాలు: నాయిక కల కనడం, లేదా క్లబ్బులో ప్రతినాయకుడు గ్లాసు ఎత్తడం. మోటారు వేసి నాలుగు స్వరాలు కొట్టి, "వ్వంవ్వంవ్వం" అని ఊగుతూ ఉండగా తెర మసకబారేది. ఆ ఊపు ఎలా వస్తుందో అప్పుడే వంగి చూశాను. ప్రతి పలక కింద ఒక గొట్టం, గొట్టం మూతి దగ్గర ఒక చిన్న బిళ్ళ, అన్ని బిళ్ళలనూ గుచ్చిన ఇరుసును మోటారు తిప్పుతుంది; మూతి మూసుకున్నప్పుడు మోత తగ్గి, తెరుచుకున్నప్పుడు పెరుగుతుంది. ఈనాటి జాజ్ వాద్యకారుల్లో చాలామంది ఆ మోటారు జోలికే పోరని తెలిశాక, ఇంతకాలం నేను విన్నది వాద్యాన్ని కాదు, ఫ్యానును అనిపించింది.

మృదంగం_77
ఇక నా మనసులో మాట. ఎవరు ఎంత చెప్పినా గమకం లేని వాద్యం నాకు సగం వాద్యమే. పలకను కొట్టాక స్వరం మీద మీకు ఇక అధికారం లేదు, అది మోగి ఆరిపోతుంది. జలతరంగంలో కూడా గిన్నెలో నీటిని కదిపి కొంత గమకం పలికించేవారు ఉన్నారు.

మద్రాసు_మాజీ
ఈ వాదనతోనే ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. మన నాటకాలు మాత్రం అదే హార్మోనియం మీద పద్యాలు పాడుకుంటూ రాత్రుళ్ళు తెల్లవార్చాయి.

పలకల_సవ్వడి
అధికారం లేదనడం పూర్తిగా నిజం కాదు. పెడల్ ఎప్పుడు వదలాలి, మోగుతున్న ఏ పలకను మ్యాలెట్ కొసతో అదిమి ఆపాలి, దేన్ని మోగనివ్వాలి అన్నదే ఆ వాద్యంలోని సగం విద్య. స్వరాన్ని వంచే పద్ధతి కూడా ఉంది: పలకలను కట్టే తాడు దూరే చోట గట్టి మ్యాలెట్‌ను ఒత్తి పెట్టి, పలకను మోగించి, ఆ మ్యాలెట్‌ను మధ్యకు జరిపితే స్వరం కొద్దిగా జారుతుంది. గమకం అనడానికి చాలదు గానీ, ఒక నిట్టూర్పు అనవచ్చు.

న్యూజెర్సీ_అమ్మమ్మ
ఇప్పుడే పిల్ల చేత చేయించి చూశాను. జారింది. పిల్ల కంటే నేనే ఎక్కువ కేరింతలు కొట్టానని మా అల్లుడి ఫిర్యాదు.

మృదంగం_77
అమ్మమ్మ గారి కేరింతల ముందు నా వాదన వెనక్కి తీసుకోను గానీ, కొంచెం పక్కకు జరుపుతున్నాను.

గుంటూరు_గోంగూర
ఒక మాట. షికాగో అంటున్నారు కదా, వైబ్రాఫోన్ కూడా షికాగోలోనే పుట్టిందని ఎక్కడో చదివాను.

పలకల_సవ్వడి
పుట్టినిల్లు ఇండియానాపొలిస్, మెట్టినిల్లు షికాగో. 1920ల మొదట్లో లీడీ కంపెనీ బిళ్ళలూ మోటారూ ఉన్న రూపాన్ని తయారుచేసింది. 1927లో షికాగోలోని డీగన్ కంపెనీ అల్యూమినియం పలకలనూ, కాలి పెడల్‌నూ చేర్చి ఈనాటి రూపానికి తెచ్చింది. ఆ పాత కర్మాగారపు భవనం రేవెన్స్‌వుడ్ పేటలో గడియారపు గోపురంతో ఇప్పటికీ ఉంది.

తంబూరా_శ్రుతి
తొమ్మిది రోజుల తరువాత వస్తున్నాను, ఆలస్యానికి కారణం ఆల్బమ్‌ను సక్రమంగా వినడమే. కారులో కాకుండా, ఇంట్లో, ఏడు భాగాలనూ ఆపకుండా మూడుసార్లు విన్నాను. 'ప్రేయర్'తో మొదలై, 'గిల్ట్', 'చాయిసెస్', 'వెయిల్' మీదుగా 'బెనెడిక్షన్'తో ముగుస్తుంది. అంటే ప్రార్థనతో తలుపు తీసి, దీవెనతో పంపిస్తున్నారు. చర్చి ఆరాధన వరుస అది. నేను దాన్ని కచేరీ అనుకుని వెళ్ళి, భజనలో కూర్చున్నాను. భజనలో ఎవరి గొంతు ఎక్కువ వినబడింది అని అడగడం నా పొరపాటే అయి ఉండవచ్చు. మార్క్విస్ హిల్ ట్రంపెట్ ఎత్తుకున్నప్పుడు కింద వైబ్రాఫోన్ ఏం చేస్తోందో మూడోసారికి గాని నా చెవికి పట్టలేదు: రాగానికి అంచు కుట్టినట్టు, అవతలివాడు ఊపిరి తీసుకునే చోట మాత్రమే రెండు స్వరాలు.

అయితే అర్ధరాత్రి_శ్రోత గారితో ఒక విషయంలో ఏకీభవిస్తాను. నడిమి భాగాల్లో అందరూ కలిసి ఒకే మందగతిలో చాలాసేపు తిరుగుతారు. అక్కడ ఎవరో ఒకరు, ఆయనే అయినా సరే, ముందుకు దూసుకురావలసింది.

అర్ధరాత్రి_శ్రోత
సగం గెలిచినా నాకు చాలు. నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి, 2024లో వచ్చిన 'నూబ్లూస్' విన్నాక నా అభిప్రాయం కొంత మెత్తబడింది. మహమ్మారి రోజుల్లో కచేరీలు లేక, న్యూ స్కూల్‌లో మిగిలిపోయిన చదువు పూర్తి చేస్తూ బ్లూస్ చరిత్ర మీద పాఠం చదివారట. దాని ఫలమే ఆ ఆల్బమ్. అప్పటికే బ్లూ నోట్‌లో ఆల్బమ్ చేసినవాడు తరగతి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడంటే సింహాసనం మీద పెద్ద మోజు లేదనే అర్థం. అందులో కోల్ట్రేన్ 'ఈక్వినాక్స్', మాంక్ 'ఎవిడెన్స్' ఉన్నాయి. 'ఎవిడెన్స్' వినండి తంబూరా_శ్రుతి గారూ, మీరు టికెట్టు కొన్న గాత్రం అక్కడ ఉంది.

తంబూరా_శ్రుతి
విన్నాను. ఉంది. కాకపోతే ఇప్పుడు నా చెవి ఆయనను వదిలేసి జెరెమీ డటన్ డ్రమ్స్ వైపు పోతోంది, దీనికి బాధ్యులు ఎవరో ఈ చర్చలో ఉన్నవారే.

మద్రాసు_మాజీ
రాస్ సోదరుడికి వెళ్ళిన వాటా అది. అటు పోతే తప్పేమీ లేదు.

కాకినాడ_కాజా
అమ్మమ్మ గారూ, మా అబ్బాయి బడిలోనూ ఊలు ఊడిన మ్యాలెట్లు ఒక డబ్బా నిండా పడి ఉన్నాయి. ఏ ఊలు వాడారు? ఎన్ని చుట్లు?

న్యూజెర్సీ_అమ్మమ్మ
స్వెటర్లు అల్లే మామూలు ఊలే, మరీ లావుది వద్దు, నూలు కలిసినది అయితే త్వరగా చిట్లదు. చుట్లు నా మాట విని వేయకండి, పాతది విప్పేటప్పుడు లెక్కపెట్టుకోండి, ప్రతి జతకూ వేరుగా ఉంటుంది. ఒక జతలోని రెండింటికీ ఒకే లెక్క ఉండాలి, లేకపోతే పిల్లవాడి కుడిచేయి ఒకలాగా, ఎడమచేయి ఒకలాగా పలుకుతుంది. పై కుట్టు వేసేటప్పుడు రబ్బరులోకి సూది దిగకుండా చూసుకోండి. నాకు రెండుసార్లు సూది విరిగింది.